సుడిమాను తిరిగే ఊరు

ఊరు – పేరు – జాతర: పదకొండో భాగం

నెత్తిన రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లని మన అమ్మమ్మలు పిల్లల తల దువ్వుతూ నవ్వేవాళ్లు. సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందు పళ్లు చూస్తాడు, తర్వాత గిట్టలు చూస్తాడు, ఆఖరికి వీపు మీదా నుదుటి మీదా సుళ్లు ఎక్కడ పడ్డాయో వెతుకుతాడు. సుడి చోటు తప్పిందా, బేరం అక్కడితో సరి. కాలం కలిసొచ్చినవాణ్ణి చూసి ‘వాడి సుడి తిరిగిందిరా’ అంటాం. నీళ్లు గిరగిరా తిరిగి మనిషిని లోపలికి లాగేది సుడిగుండం, దుమ్మెత్తి పోసేది సుడిగాలి. ఇన్ని సుళ్లున్న భాషలో ఒక ఊరు ఆ మాటను ఏకంగా తన పేరులోకే తెచ్చుకుంది. అదే సూళ్లూరుపేట.

పోయిన వారం తిరుపతి గంగమ్మ వేషాల గురించి చెప్పుకున్నాం. అదే జిల్లాలో తూర్పు కొసకు వస్తే సూళ్లూరుపేట. మొన్నమొన్నటి దాకా ఇది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాల సరిహద్దులు మారినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అయినా ఊళ్లో పెద్దవాళ్ల నోట నెల్లూరు యాసే వినిపిస్తుంది. తడ దాటితే తమిళనాడు గనక బజారులో రెండు మాటలకొకటి అరవం దొర్లుతుంది. ఈ అరవం సంగతి గుర్తుంచుకోండి, అమ్మవారి పేరు దగ్గర దీనితో పని పడుతుంది.

ఊరికి పడమటి వైపు కాళంగి నది. కొండల్లో పుట్టి పులికాట్ సరస్సులో కలిసే చిన్న ఏరు ఇది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. వానాకాలంలో మాత్రం, అందులోనూ బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజుల్లో, దాని ఉగ్రం చూడాలి. ఆ నది ఒడ్డునే చెంగాళమ్మ పరమేశ్వరి గుడి. ఏడేళ్లకోసారి ఇక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అందులో తలమానికం సుళ్లు ఉత్సవం. పొడవాటి మాను కొసన మేకను కట్టి పైకెత్తి, గాలిలో మూడు చుట్లు తిప్పుతారు. ఆ మాను పేరు సుడిమాను. సుళ్లు తిరిగే ఊరు గనక సూళ్లూరు అయిందని, దాని పక్కన బజారు పెరిగి పేట చేరిందని స్థానికులు చెప్పే లెక్క.

మనకు కావాల్సిన అర్థాలన్నీ కథలోనే ఉన్నాయి కాబట్టి ముందు కథ.

పశువుల కాపరులు గొడ్లను మేతకు వదిలి కాళంగిలో ఈతకు దిగారు. వాళ్లలో ఒకడు సుడిగుండంలో చిక్కుకున్నాడు. నీళ్లు తిప్పుతున్నాయి, కాళ్లకు నేల అందడం లేదు. చేతికేదో రాయి తగిలింది. ప్రాణభయంతో దాన్ని కావలించుకున్నాడు. ఆ పట్టుతోనే ఒడ్డుకు చేరాడు. చేరాక చూస్తే అది రాయి కాదు, అమ్మవారి విగ్రహం. సంగతి ఊళ్లోకి పాకింది. పెద్దలు వచ్చి విగ్రహాన్ని తూర్పు ముఖంగా పడుకోబెట్టి, పొద్దు పోయిందని ఇళ్లకు వెళ్లిపోయారు. తెల్లారి వచ్చి చూస్తే అమ్మవారు లేచి నిలబడి ఉంది, అదీ దక్షిణం వైపు తిరిగి. ఎనిమిది చేతులు, కాళ్ల కింద రాక్షసుడు. ఇక ఎవరూ కదిలించే సాహసం చేయలేదు. అక్కడే గుడి కట్టారు.

మన గ్రామదేవతల కథల్లో చాలా వాటికి ఇదే అచ్చు. దేవత నీళ్లలో దొరుకుతుంది, లేదా నాగటి చాలులో, లేదా పుట్టలో. దొరికేది పూజారికి కాదు. గొడ్లు కాసేవాడికి, చేపలు పట్టేవాడికి, చాకలికి. విజయనగరం పైడితల్లిని పెద్దచెరువులోంచే బయటికి తీశారు. అయితే కాళంగి కథలో ఒక మెలిక ఉంది. సాధారణంగా భక్తుడు దేవతను నీళ్లలోంచి కాపాడి ఒడ్డుకు చేరుస్తాడు. ఇక్కడ దేవతే వాణ్ణి కాపాడి ఒడ్డున పడేసింది. మొక్కులు, నైవేద్యాలు, పూజలు ఏవీ మొదలు కాకముందే ఆమె పని మొదలైపోయింది. వాడికి తాను పట్టుకున్నదేమిటో కూడా తెలియదు. ఇంతకన్నా సూటిగా గ్రామదేవతను పరిచయం చేసిన కథ నాకు మరోటి కనపడలేదు.

రెండో మెలిక దిక్కు. పెద్దలు తూర్పు అన్నారు. శాస్త్రానికి అదే మర్యాద. అమ్మవారు దక్షిణం అంది. దక్షిణం యముడి దిక్కు. ఇల్లు కట్టేవాడు ఆ దిక్కుకు వాకిలి పెట్టాలంటే ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాడు. చావు వచ్చే దిక్కుకు ఎదురుగా నిలబడడమంటే కాపలా కాయడమే. సుడిగుండంలోంచి ఒక ప్రాణాన్ని లాక్కొచ్చిన తల్లి అటు తిరిగి నిలబడిందని చెప్పడంలో ఆ ఊరి జనం తర్కం తప్పలేదు.

ఇక పేరు. దక్షిణాన్ని అరవంలో ‘తెన్’ అంటారు. దక్షిణ ముఖంగా ఉన్న కాళి తెన్‌కాళి, వాడుకలో తెంకాళి, అదే నాలుక తిరిగి చెంగాళి, చెంగాళమ్మ అయిందని స్థలపురాణం. బాగానే ఉంది. ఊరి సరిహద్దు అరవానికి ఆనుకునే ఉంది కాబట్టి నమ్మకూడదనేమీ లేదు. కానీ తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్లకు ఇంకో దారి కనిపిస్తుంది. చెం అంటే ఎరుపు. చెం, కలువ కలిస్తే చెంగలువ. చెం, కావి కలిస్తే చెంగావి చీర. అదే సంధిలో చెం, కాళి కలిస్తే చెంగాళి, అంటే ఎర్రని కాళి. అరవంలోనూ సెం, కాళి కలిస్తే వచ్చేది సెంగాళే. కుంకుమతో నిండిపోయే అమ్మవారికి ఎర్రకాళి అనే పేరు అతకదని ఎవరంటారు? నా మొగ్గు దీనివైపే. తెంకాళి కథ దిక్కు గురించిన నిజాన్ని దాచుకుంది, పేరు గురించిన నిజం చెంగలువలో ఉంది. ఈ ప్రాంతంలో ఇంటికొకరుండే చెంగయ్యలు, చెంగమ్మల పేర్లు అమ్మవారి నుంచి వచ్చి ఉండవచ్చు. చెంగల్రాయుళ్లది మాత్రం వేరే లెక్క. ఆ పేరు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామిది.

గుడికి వెళ్లినవాళ్లు మొదట గమనించేది ఏముందో కాదు, ఏం లేదో. గర్భగుడికి తలుపులు లేవు. రాత్రి పన్నెండింటికి బస్సు దిగినా, తెల్లవారుజామున మూడింటికి లారీ ఆపినా అమ్మవారు కనిపిస్తుంది. పవళింపు సేవ, సుప్రభాతం, తాళం చెవి, గంట కొట్టి తెరిచే తెర, ఈ హంగామా ఏదీ ఇక్కడ లేదు. ఒకప్పుడు దొంగ పడ్డాడని, ఊరివాళ్లు భయపడి తలుపులు చేయించబోయారని, తెచ్చిన చెక్కలను గుడి వెనక పెడితే అవి చిగిర్చి చెట్టయ్యాయని చెబుతారు. నాకు తలుపులొద్దు అని అమ్మ అన్నట్టు లెక్క. కోసిన చెక్క చిగిర్చిందనే మాటను పక్కన పెట్టినా, దాని అర్థం దిక్కు కథకు అచ్చంగా సరిపోతుంది. కాపలా కాసే మనిషికి నిద్రేమిటి, తలుపేమిటి? ఊరి పొలిమేర కాచే దేవతలను మనవాళ్లు వేపచెట్టు కింద, గోడలు కూడా లేని చోట నిలబెట్టారు. చెంగాళమ్మకు గుడి వచ్చింది, గోపురం వచ్చింది, బ్రహ్మోత్సవాలనే ఆగమం మాట వచ్చింది. తలుపు మాత్రం రాలేదు. ఆ పాత వేపచెట్టు నీడ ఆ ఖాళీ గుమ్మంలోనే మిగిలింది.

ఇప్పుడు సుడిమాను దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాను ఎత్తి ప్రాణిని తిప్పే మొక్కు సూళ్లూరుపేట ఒక్కదానిదే కాదు. తెలుగు, కన్నడ దేశాల్లో దానికి ‘సిడి’ అని, తమిళంలో ‘చెడిల్’ అని పేరు. బెంగాల్లో దాన్ని చరక్ అన్నారు. సిడి కట్టే పద్ధతి ఇది: నేలలో గట్టి నిలువు స్తంభం పాతుతారు. దాని తలమీద తిరిగేటట్టు ఒక పొడవాటి దూలాన్ని అడ్డంగా అమరుస్తారు. దూలం ఒక కొసకు ఇనుప కొక్కేలు, రెండో కొసకు తాళ్లు. మొక్కుకున్న మనిషి వీపు చర్మంలోకి కొక్కేలు గుచ్చి, రెండో వైపు తాళ్లు లాగితే మనిషి పైకి లేస్తాడు. తాళ్లు పట్టుకుని జనం చుట్టూ పరుగెత్తితే దూలం తిరుగుతుంది.

పదహారో శతాబ్దం మొదట్లో విజయనగర రాజ్యం గురించి రాసిన పోర్చుగీసువాడు దువార్తె బార్బోసా ఈ మొక్కును వర్ణించాడు. ఆయన చెప్పింది మగవాడి గురించి కాదు, ఒక పడుచు గురించి. తాను కోరినవాడితో పెళ్లి అయితే సిడి ఎక్కుతానని ఆమె మొక్కుకుంది. కొక్కేలకు వేలాడుతూ, నెత్తురు కారుతున్నా కేక వేయకుండా, కింద ఉన్న కాబోయే మొగుడి మీదికి నిమ్మకాయలు విసిరిందట. ఆ యంత్రాన్ని తన పాఠకులకు ఎలా చెప్పాలో తెలియక, స్పెయిన్‌లోని కాస్టీల్‌లో బావిలోంచి నీళ్లు తోడే సాధనంలా ఉందన్నాడు. మనకైతే అంత తంటా అక్కర్లేదు. అది ఏతం. ఒక కొసన బాన, రెండో కొసన బరువు, మధ్యలో ఇరుసు. పొలానికి నీరు పెట్టిన కొయ్యే అమ్మవారికి మొక్కు చెల్లించే కొయ్య అయింది. కరువు సీమలో ఈ పోలిక ఊరికే రాలేదనిపిస్తుంది. వానకోసం, పంటకోసం, గొడ్డూ గోదా రోగాల బారిన పడకూడదని మొక్కుకునేవాడికి నీళ్లు తోడే ఏతం కన్నా పవిత్రమైన యంత్రం ఏముంటుంది?

సిడి సంగతి సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లోనూ ప్రస్తావించారు. ఇక దొరల కాలానికి వస్తే మిషనరీలు దీన్ని చూసి గగ్గోలు పెట్టారు. బెంగాల్లో 1865లో నిషేధం వచ్చింది. మద్రాసు ప్రభుత్వం మాత్రం చాలాకాలం తటపటాయించింది. 1854లో జిల్లాల నుంచి వివరాలు తెప్పించుకుని, బలవంతం వద్దు, నచ్చజెప్పి మాన్పించండి అన్న ధోరణిలో ఉండిపోయింది. 1891లో మదురై దగ్గర షోళవందాన్‌లో జనం మళ్లీ సిడి ఎత్తడంతో పత్రికల్లో గొడవైంది. చివరికి 1894లో 144 సెక్షన్ కింద మేజిస్ట్రేట్లు ఆపించే దారి పట్టారు. ఈ నలభై ఏళ్లలో జనం ఊరికే కూర్చోలేదు. మొక్కు మానడం పాపం, కొక్కెం గుచ్చడం నేరం. మధ్యేమార్గం వెతుక్కున్నారు. కొన్నిచోట్ల నడుముకు గుడ్డ చుట్టి కట్టారు, కొన్నిచోట్ల కొయ్యబొమ్మను వేలాడదీశారు, కొన్నిచోట్ల గొర్రెనో మేకనో కట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మానవశాస్త్రజ్ఞుడు ఎడ్గార్ థర్‌స్టన్ ఈ మార్పులను నమోదు చేశాడు.

సూళ్లూరుపేట సుడిమాను మీది మేకను ఈ వరసలో పెట్టి చూడడమే సబబని నా ఉద్దేశం. మేక ఆ మానుకు పుట్టుకతో వచ్చింది కాదు, మనిషి చోటులోకి వచ్చింది. సిడి, సుడి అనే రెండు మాటలూ పక్కపక్కనే నడిచి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. సిడిమాను తిరుగుతుంది గనక జనం చెవికి అది సుడిమాను. ఉత్తరాంధ్రలో అదే సిరిమాను అయి ఉండవచ్చు. విజయనగరంలో విజయదశమి దాటిన మంగళవారం నాడు పెద్ద చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. కొక్కెం లేదు, మేక లేదు, పీట ఉంది. పైడితల్లి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. అక్కడా మూడు, ఇక్కడా మూడు. ఒకే మొక్కు రాష్ట్రం రెండు కొసల్లో రెండు దారుల్లో మెత్తబడింది. విజయనగరం వాళ్లు మనిషిని ఉంచి కొక్కేన్ని తీసేశారు. సూళ్లూరుపేట వాళ్లు మనిషిని దించి మేకను ఎక్కించారు. రెండింట్లో ఏది మేలంటే, మేకను అడిగితే విజయనగరమే అంటుంది.

సుళ్లు ఉత్సవంతో పాటు ఈ బ్రహ్మోత్సవాల్లో మహిషాసుర మర్దనం కూడా జరుగుతుంది. పురాణంలో మహిషుడి కథ అందరికీ తెలిసిందే. మార్కండేయ పురాణంలోని దేవీమాహాత్మ్యం, పదమూడు అధ్యాయాలు. వరం పొందిన దున్నపోతు రాక్షసుడు స్వర్గాన్ని ఆక్రమిస్తే దేవతలందరి తేజస్సూ ఒక్కటై దేవిగా రూపుదాలుస్తుంది. ఒక్కొక్కరూ ఒక్కో ఆయుధం ఇస్తారు. ఆమె దున్నను కాలితో తొక్కిపెట్టి శూలంతో పొడుస్తుంది. దసరా పదిరోజులూ మనం విని పెరిగిన కథ ఇది.

అయితే దక్షిణాది ఊళ్లలో ఈ దున్నపోతుకు మరో జన్మకథ ఉంది. బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ భారత గ్రామదేవతల మీద 1916లో వెలువరించిన పుస్తకంలో దాన్ని రాసిపెట్టాడు. తక్కువ కులపువాడొకడు కులం దాచి బ్రాహ్మణ పిల్లను పెళ్లాడతాడు. పిల్లలు పుడతారు. నిజం బయటపడ్డాక ఆమె ఇంటికి నిప్పు పెట్టుకుని కాలిపోయి దేవత అవుతుంది. మొగుడు దున్నపోతుగా పుడతాడు, ఏటా ఆమె ముందు తల వంచాల్సి వస్తుంది. ఈ కథ ఎవరి భయంలోంచి పుట్టిందో వేరే చెప్పాలా? పురాణంలో రాక్షసుడైనవాడు ఊళ్లోకి వచ్చేసరికి తక్కువ కులపువాడయ్యాడు. జాతర అర్థాలు చెప్పేవాళ్లు ఈ కథను మెల్లగా దాటేస్తుంటారు, దాటేయకూడదు. పోయిన వారం చెప్పుకున్న గంగమ్మ కథతో దీన్ని పోల్చండి. అక్కడ చచ్చేది ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాడు. ఒకే చట్రంలో ఒక ఊరు అధికారం ఉన్నవాణ్ణి చంపింది, ఇంకో ఊరు ఏమీ లేనివాణ్ణి చంపింది. చెంగాళమ్మ కాళ్ల కింద ఉన్నవాడు పురాణపు రాక్షసుడే. ఆమెను ఒడ్డుకు తెచ్చిన కథలో ఉన్నవాడేమో గొడ్లు కాసుకునేవాడు. ఈ ఊరు ఎంచుకున్న కథ నాకు నచ్చుతుంది.

ఏడేళ్లకోసారే ఎందుకు? గ్రామదేవతల లెక్కలో ఏడుకు ఉన్న చోటు మనకు తెలుసు. సప్తమాతృకలు ఏడుగురు. ఊరూరా చెప్పుకునే అక్కచెల్లెళ్లు ఏడుగురు, వాళ్లకొక తమ్ముడు పోతురాజు. సూళ్లూరుపేటలో ఉత్సవాలు కూడా ఏడు రోజులే. ఏడేళ్లకు ఏడు రోజులు, లెక్క చక్కగా కుదిరింది. దానివల్ల ఇంకోటి కూడా జరుగుతుంది. ఒక ఉత్సవానికి తల్లి చంకనెక్కి వచ్చిన పిల్ల మరుసటి ఉత్సవానికి తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిచొస్తుంది. ఆ తర్వాతిది వచ్చేసరికి పెళ్లీడుకొస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లు తమ వయసును అమ్మవారి జాతరలతో లెక్కపెట్టుకోగలరు.

ఈ ఊరి మీద వ్యాసం రాస్తూ రాకెట్ ప్రస్తావన తేకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. నేనూ తెస్తున్నాను, ఒక్క పేరాతో సరి. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మధ్యగా వేసిన రోడ్డు మీద వెళ్తే శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఇప్పుడు ప్రతి ప్రయోగానికీ ముందు ఇస్రో పెద్దలు చెంగాళమ్మ దర్శనానికి రావడం వాడుక. చంద్రయాన్-3 ఎగిరింది 2023 జులై 14న. ముందు రోజు అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ ఈ గుడికి వచ్చి పూజ చేయించారు. దీని మీద పత్రికల్లో ఏటా ఒక చర్చ: శాస్త్రవేత్తకు గుడేమిటని ఒకరు, ఉంటే తప్పేమిటని మరొకరు. ఆ చర్చలో ఒక చిన్న సంగతి ఎవరికీ పట్టదు. కాళంగి కథలో మునిగిపోతున్న పిల్లవాడు రాయిని పట్టుకున్నాడు గానీ, ఈత మానలేదు. రాత్రీ పగలూ కౌంట్‌డౌన్ చూసుకునే ఊరి పక్కన తలుపులు మూయని గుడి ఉండడం మాత్రం సౌకర్యమే. డ్యూటీ ఏ వేళకు దిగినా దర్శనం దొరుకుతుంది.

సుడిమాను గురించి అచ్చులో ఉన్నది తక్కువ. ఊరివాళ్ల నోట్లో ఉన్నది ఎక్కువ. మాను ఏ చెట్టుది, ఎక్కడి నుంచి తెచ్చేవారు, తాళ్లు పట్టే హక్కు ఏ ఇంటివారిది, మేకను ఎవరిచ్చేవారు, తిప్పాక ఏం చేసేవారు, ఇవన్నీ చూసినవాళ్లే చెప్పాలి. రెండు మూడు సుళ్లు ఉత్సవాలు కళ్లారా చూసిన పెద్దలు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, నాయుడుపేట వైపు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో పాత ఉత్సవాల కరపత్రమో, నలుపుతెలుపు ఫొటోనో ఉంటే దాన్ని చెదల పాలు చేయకండి. వెనక వైపు ఏడాది రాసి, ఒక నకలు మాకు పంపండి. వచ్చే ఉత్సవం దాకా ఆగకుండా ఈ ఆదివారమే మీ తాతమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి అడగండి.

వచ్చే వారం: వెంకటగిరి పోలేరమ్మ, కుమ్మరి ఇంట్లో మట్టితో పుట్టే దేవత.